టార్పాలిన్ వెనక గుర్రం

గుర్రాల వాసన నాకు అసహ్యం కాదు. ఇన్నేళ్ళు పశువుల దవాఖానాలో పనిచేసినదాన్ని, పేడకీ చీముకీ ముక్కు మూసుకునే రోజులు ఎప్పుడో పోయాయి. గుర్రాల సర్వే గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది. ఆ రోజు ఇంటింటా తాగిన చాయ్ కూడా అందుకు కొంత కారణం.

మా దవాఖానా ఉప్పల్‌లో. నేను డాక్టర్ని కాను, అసిస్టెంటుని. కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చి నాచారంలో స్థిరపడ్డాను. కట్లు కట్టడం, సూదులు వేయడం, పై ఆఫీసు అడిగినప్పుడల్లా బర్రెల్నీ మేకల్నీ లెక్కపెట్టడం నా పని. నాచారం నుంచి ఉప్పల్ వచ్చే దారిలో, ఫ్యాక్టరీ గోడల వెనక పెళ్ళిగుర్రాల సందు ఒకటి ఉంది. అక్కడివాళ్ళు ఒకప్పుడు ఆ నేలనే దున్నుకుని బతికిన కుటుంబాలు. పొలాలు కాలనీలయ్యాక ఎడ్లు పోయాయి, ఎడ్ల కొట్టాల్లోకి గుర్రాలు వచ్చాయి.

పెళ్ళిగుర్రం మచ్చ లేకుండా తెల్లగా ఉండాలంటారు. లేకపోతే సుద్దపొడి తడిపి పూస్తారు. పుండు ఉంటే దాని మీద కూడా పూస్తారు. ఉప్పల్ మెట్రో పిల్లర్ల కింద బ్యాండు మోతలో పెళ్ళికొడుకు దర్జాగా ఊరేగుతుంటాడు. జీను కింద సుద్దా నెత్తురూ కలిసి ముద్దయిన చర్మాన్ని మర్నాడు గోరువెచ్చని నీళ్ళతో కడిగేది నేను. అందుకే బరాత్ ఎదురైతే నా కళ్ళు పెళ్ళికొడుకు మీద ఉండవు.

ఆ సందులో ఒకాయన ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, నేను అన్నా అనేదాన్ని. ఆయనకున్నది ఒక్కటే ఆడగుర్రం. దాని వెనక కాలి గిట్టలో మేకు దిగితే, వారం చూసి దవాఖానాకి నడిపించుకొచ్చాడు. ఆ కుంటి కాలితో ఫ్లైఓవర్ పనుల గుంతల మీదుగా అది ఎలా నడిచిందో తెలీదు. మేకు లాగి, చీము పిండి, మందు పెట్టి కట్టు కట్టాను. భయం పుండు గురించి కాదు. తుప్పు మేకు దిగిన గుర్రానికి ధనుర్వాతం రావడానికి ఎన్నో రోజులు పట్టదు. దానికి వేయాల్సిన మందు మా దగ్గర లేదు. మా దవాఖానాకి వచ్చే మందులన్నీ కుక్కలకీ బర్రెలకే.

"ఎల్లుండి గుర్రాల సర్వేకి పెద్దాఫీసు నుంచి గుర్రాల డాక్టరు వస్తున్నాడన్నా. ఆయన పెట్టెలో ఈ మందు ఉంటుంది. దీన్ని ఆయన ముందు నిలబెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను.

ఆయన గుర్రం మెడ నిమిరాడు. "మేడం, బీమారున్న గుర్రాలను సూదేసి సంపుతరంట గదా. మా సందుల అందరు గదే అంటున్రు."

"అది వేరే రోగం. ముక్కులోంచి చీము కారే అంటురోగం. నీ గుర్రానికి దిగింది మేకు."

"ఇదొక్కటే ఉన్నది మేడం. ఇది వోతే నేనేం జేసుకొని బత్కాలె."

"పోకుండా ఉండాలనే చెబుతున్నా" అన్నాను. తల ఊపి వెళ్ళాడు. ఆ తల ఊపడాన్ని నేను నమ్మాను.

సర్వే రోజు డాక్టరు సారు జీపులో దిగాడు. సందు మొదట్లోనే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గుర్రాల చదువు చదివి, గుర్రాల జీతం తింటూ, గుర్రం వాసనకి జేబురుమాలు. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. జీపు వెనక సీట్లో మందుల ఐసుపెట్టె కనిపించాక కొంచెం చల్లబడ్డాను.

ట్యాబ్‌లో ప్రశ్నలు ఉన్నాయి. గుర్రానికి రోజూ వ్యాయామం చేయిస్తారా? జవాబులు మూడు: ఎప్పుడూ, అప్పుడప్పుడు, అసలు లేదు. పొద్దంతా కట్టేసి, సాయంత్రం బ్యాండు ముందు చిందులు వేయించేవాడు దీనికి ఏమని చెప్పాలి? మొదటి ఇంటాయన తెలివిగా "ఎప్పుడూ సార్" అన్నాడు. సారు వేలు 'ఎప్పుడూ' మీద పడింది. నులిపురుగుల మందు? ఎప్పుడూ. శుభ్రమైన నీళ్ళు? ఎప్పుడూ. మూలనున్న తొట్టిలో పచ్చటి పాచి తెట్టు కట్టి ఉంది. సారు ఆ వైపు తల తిప్పలేదు.

తర్వాత గుర్రాన్ని తెచ్చి ఫోటోకి నిలబెట్టారు. బలంగా, నిగనిగలాడుతూ ఉంది. ఎడమ చెవి కొస కాస్త తెగి ఉంది.

రెండో ఇంట్లో "ముందుగాల చాయ్ తాగున్రి సార్, గుర్రం యాడికి వోతది" అన్నారు. చాయ్ అయ్యేసరికి గుర్రం వచ్చింది. ఎడమ చెవి కొస తెగి ఉంది. కొట్టాల వెనక గోడల్లో మనిషీ పశువూ పట్టేంత దారులున్నాయి. మేం ముందు వాకిట్లో చాయ్ ఊదుకుంటుంటే గుర్రం వెనక నుంచి నడిచొస్తోంది. పెళ్ళిచూపుల్లో చెల్లెల్ని చూపించి అక్కను కట్టబెట్టే రకం విన్నాను గానీ, ఒక్క పిల్లనే సందులో ఇంటింటికీ చూపించడం అదే చూడటం.

"సార్, ఇది ఇందాకటి గుర్రమే" అన్నాను మెల్లగా.

"మనం పోలీసులమా అమ్మా? ఫోటో క్లియర్‌గా వచ్చిందిగా" అన్నాడు సారు. ఆయనకి ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. నోట్లో ఉన్న చాయ్ మింగబుద్ధి కాలేదు.

మూడోది మా అన్న ఇల్లు. నేను ఆశగా చూశాను. చాయ్ వచ్చింది. ఆ వెనకే చెవి తెగిన గుర్రం వచ్చింది. తొందరలో పూసిన సుద్ద ఇంకా ఆరలేదు. అన్న నా కళ్ళలోకి చూడలేదు. సారు ప్రశ్నలు అడుగుతున్నాడు, ఆయన 'ఎప్పుడూ, ఎప్పుడూ' అంటున్నాడు. కొట్టం మూల నీలం టార్పాలిన్ వేలాడుతోంది. దాని వెనక ఏదో బరువుగా మూలిగింది.

నేను లేచి వెళ్ళి టార్పాలిన్ ఎత్తాను. అన్న భార్య ఒక చేత్తో బెల్లం ముక్క పట్టుకుని, రెండో చేత్తో గుర్రం మూతి నొక్కి పట్టుకుని ఉంది, సకిలించకుండా. బెల్లం కరిగి ఆమె మణికట్టు దాకా కారింది. గుర్రం దాన్ని ముట్టలేదు. తోక కర్రలా పైకి లేచి ఉంది. చెవులు బిగుసుకున్నాయి. వెనక కాలికి నేను కట్టిన కట్టే, పేడలో నల్లబడి ఉంది.

"సార్, ధనుర్వాతం మొదలవుతోంది. ఇప్పుడు వేస్తే ఇంకా దారి ఉంది. మందు మీ జీపులోనే ఉంది" అన్నాను.

సారు జేబురుమాలు సర్దుకుని అన్న వైపు తిరిగాడు. "ఇది నీదేనా?"

అన్న పెదవులు కదిలాయి. ఫోటోకి నిలబెట్టిన గుర్రం పగ్గం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "నాది గాదు సార్. ఎవలో కట్టేసి వొయిన్రు."

"అన్నా, నీదే అను. ఒక్క మాట" అన్నాను. ఆయన పగ్గాన్ని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"చూశావా అమ్మా. ఓనర్ లేని జంతువుకి సూది వేస్తే, రేపు ఏదన్నా అయితే జవాబు ఎవరు చెప్పాలి? నీకూ నాకూ ఉద్యోగాలు ఉండొద్దా?" అని సారు ట్యాబ్‌లో తర్వాతి ఇల్లు నొక్కాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో కనిపించింది నిశ్చింత. అబద్ధం ఆడినవాడి మీద కన్నా, ఆ అబద్ధం దొరికిందని ఊపిరి పీల్చుకున్నవాడి మీద నాకు ఎక్కువ రోత పుట్టింది. దొందూ దొందే. కళ్ళ ముందు ఊపిరి పీలుస్తున్న గుర్రాన్ని ఇద్దరూ కలిసి లేదన్నారు.

జీపు నాగోల్ వైపు బిర్యానీకి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు. బస్సెక్కి ఏఎస్ రావు నగర్ పోయి మందుల షాపులన్నీ తిరిగాను. జంతువుల షాపు ఒకటి అద్దాలతో ధగధగలాడుతోంది. కుక్కలకు సెంటు ఉంది, పుట్టినరోజు టోపీ ఉంది. గుర్రానికి ధనుర్వాతం మందంటే కౌంటరు దగ్గరి అమ్మాయి నవ్వింది. సారుకి ఫోన్ చేస్తే, సర్వే పంపేశాం, ఇప్పుడు కొత్త గుర్రాన్ని చేర్చడం కుదరదన్నాడు. కుక్కల సెంటు వాసన సాయంత్రం దాకా నన్ను వదల్లేదు.

మర్నాటికి గుర్రం దవడ బిగుసుకుపోయింది. చప్పుడైతే చాలు, కంటి మూల నుంచి తెల్లటి పొర ఒకటి గుడ్డు మీదికి పాకి వచ్చేది. కొట్టం చీకటి చేయించి, చెవుల్లో దూది పెట్టి, గొట్టంతో నీళ్ళు పట్టబోయాను. అటువైపు వీధిలో ఎవరిదో బరాత్ బ్యాండు మొదలైంది. ప్రతి డప్పు దెబ్బకీ ఆ ఒళ్ళంతా కొయ్యబారడం చూశాను. ఆ మధ్యాహ్నమే మా ఆఫీసు గ్రూపులో చెవి తెగిన గుర్రం ఫోటోలు వరసగా వచ్చాయి. ఆరోగ్య నిర్వహణ బాగున్న ప్రాంతమని కింద రాసి ఉంది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు నిజంగానే వాంతి వచ్చింది, బయటికి వెళ్ళి కక్కాను.

గుర్రం ఆ తర్వాత ఒక్క రోజే ఉంది.

చచ్చిన పశువుల్ని ఎత్తే లారీ సందులోకి వచ్చింది. ఓనర్ ఎవరో తెలియకుండా ఎత్తం, రేపు ఎవడో వచ్చి మా మీద పడతాడు అని లారీ అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఎండెక్కుతోంది, ఈగలు ముసురుతున్నాయి. చెవి తెగిన గుర్రాన్ని ఇంటింటికీ నడిపించిన ఇరుగుపొరుగు గోడల మీంచి చూస్తున్నారు గానీ ఒక్కరూ పలకలేదు.

"ఎవరిదమ్మా ఇది?" అని లారీ అతను నన్నే అడిగాడు. నేను అన్న వైపు చూశాను. చెప్పాల్సింది నేను కాదు.

అన్న టార్పాలిన్ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. కాసేపటికి లేచాడు.

"నాదే" అన్నాడు. "నాదే రాస్కో తమ్మీ. నా గుర్రమే."

ఆయన భార్య చచ్చిన గుర్రం మూతి మీద ఈగల్ని కొంగుతో తోలుతోంది. తల ఎత్తకుండానే అంది.

"గీ మాట మొన్న అంటే ఏమైతుండె?"

లారీ అతను తాడు విసిరి కాళ్ళకు కట్టమన్నాడు. నేను వంగి, తాడు వేసేలోపే వెనక కాలికి నేను కట్టిన కట్టు విప్పాను.