రమణప్ప సార్ అనుమానాలు

మా గురువు, మదనపల్లె సర్జన్ రమణప్ప గారు పరమపదించారన్న వార్త పుంగనూరు బస్టాండులో ఉండగా ఫోనులో విన్నాను. కుప్పంలో, సొంత ఇంట్లో, నిద్రలోనే గుండె ఆగిందట. నేను నమ్మలేదు. ఎవరు చూశారు, ముందు రోజు ఏం తిన్నారు, కడుపునొప్పి అన్నారా అని ఆయన అల్లుణ్ణి గుచ్చి గుచ్చి అడిగాను. "రాత్రి బువ్వొద్దన్నాడమ్మా, అంతే" అన్నాడాయన. ఆ "అంతే" నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఇలా అనుమానపడడం సార్ నేర్పిందే.

ఆయన మహా అనుమానప్రాణి. టమోటాలు కొన్నా ఒకటి కోసి చూపించమనేవారు. "నీకు అమ్మేదానికంటే పారబోసేది మేలు సారూ" అని అంగడామె విసుక్కునేది. శిష్యులకు ఆయన ఉపదేశం ఒక్కటే: "నమ్మకం రోగికి ఉండాలమ్మా. మనకు ఉండకూడదు."

కరోనా రెండో విడతలో నేను ఆయనతో ఐసీయూలో పనిచేశాను. లోపలికి అనుమతి లేని బంధువులు తలుపు దగ్గర మొదట అడిగే మాట, "ఏమన్నా తిన్యాడా?" ఊపిరి సంగతి ఆ తర్వాత. ముక్కులోని గొట్టం గుండా పాలు, రాగిజావ పోశామంటే వాళ్ల ముఖాలు తేటపడేవి. అందుకని వార్డులో అందరూ గొట్టంలో జావ ఆగకుండా చూసుకునేవారు.

పట్టు దారం తీసే నజీర్ వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఆక్సిజన్ మెరుగుపడిందని మేం సంతోషిస్తున్నాం. సార్ వచ్చి, మానిటర్ వైపు కన్నెత్తి చూడకుండా దుప్పటి తీసి పొట్ట మీద చెయ్యి వేశారు. పొట్ట ఉబ్బి ఉంది. పోసిన పాలు గొట్టంలో వెనక్కి వస్తున్నాయి. మత్తుమందులకు పేగులు మందగిస్తాయి కదా సార్ అన్నాను. "అట్ల అనుకుంటే మనకు సుఖంగా ఉంటాదమ్మా. అందుకే నాకు అనుమానం" అని జావ ఆపించి స్కాన్‌కు పంపారు. ఆ మహమ్మారి రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. పేగుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయి, పేగులో ఒక భాగం చచ్చిపోతోందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ చేస్తే తట్టుకుంటాడో లేదో తెలియదు, చేయకపోతే బతకడు.

బయట అతని భార్య మహబూబీ రాగిజావ ఫ్లాస్కుతో నిలబడి ఉంది. సార్ ఉన్నదున్నట్టు చెప్పేసరికి ఆమె భగ్గుమంది. "బువ్వ ఆపేసినారు, ఇప్పుడు కడుపు కోస్తామంటాండారు! జబ్బు ఊపిరిలో ఉంటే కడుపుతో ఏం పని? లోపల ఏం తీసుకుంటారో ఎవురికి తెలుసు?" అవయవాలు దొంగిలిస్తున్నారని ఫోన్లలో పుకార్లు తిరుగుతున్న రోజులవి. నాకు ఒళ్లు మండింది. సార్ మాత్రం, "నువ్వు అనుమానపడేది న్యాయమే తల్లీ. నేను ఏం తీస్తానో నీకు సూపిస్తా. సూసినాక తిట్టు" అన్నారు. ఆమె సంతకం పెట్టింది, చూపు మాత్రం ఆయన మీద నుంచి తిప్పలేదు.

ఆపరేషన్‌లో తీసినదాన్ని బంధువులకు చూపించడం మా వైపు ఆనవాయితీ. కరోనా భయంతో అందరూ మానేశారు. సార్ మానలేదు. పీపీఈ కిట్‌లోనే, చెమటలు కారుతూ, నల్లబడ్డ పేగును ట్రేలో తెచ్చి అద్దాల తలుపు వెనక నుంచి ఆమెకు ఎత్తి చూపించారు. ఆమె చూసి, వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

కడుపు మానింది. కానీ ఊపిరితిత్తులు మళ్లీ దెబ్బతిని నజీర్ దక్కలేదు. ఆ మాట చెప్పడానికి కూడా సారే వెళ్లి, "నా చేత కాలేదమ్మా" అని ఆమె ముందు చేతులు జోడించారు.

కుప్పంలో సార్ పార్థివదేహం దగ్గర మహబూబీ కనిపించింది. మదనపల్లె నుంచి బస్సులు మారి ఒక్కతే వచ్చిందట. అంతటి విద్వత్తు, అంతటి నిష్ఠ ఇక ఎక్కడ చూస్తామని నేను ఏడుస్తూ ఏదో అంటున్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అదంతా నాకు తెలీదు మేడం. దొంగని సూసినట్ల సూసినా, ఆయన నన్ను పొమ్మన్లేదు. ఇంగ మాకు అనుమానమొస్తే యాడికి పోయేది?"