ఒక ప్రతి ఆఫీసుకు

అక్టోబరు, రెండో గురువారం, సాయంత్రం ఆరు గంటలు. స్థలం: మా బిల్డింగు సెల్లారులో సైకిళ్ల గది. హాజరైనవారు: అద్దెదారుల సంఘం అధ్యక్షుడు, కింది ఇంటి దంపతులు, ఇద్దరు విద్యార్థినులు, మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ, మా ఆవిడ, నేను.

నా డైరీలో ఆ పేజీ ఇలాగే ఉంది. వరంగల్‌లో సర్కారు ఆఫీసు గుమాస్తాగా మొదలై, జర్మనీలో డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో ఒక పరిశోధన సంస్థ స్టోర్‌రూములో రిటైరైన మనిషిని. నలుగురు కూర్చున్నచోట ఎవరొచ్చారు, ఎన్నింటికి, ఎవరేమన్నారు అని రాయకపోతే ఆ సాయంత్రం జరిగినట్టే ఉండదు నాకు. అద్దె తక్కువని ఆ దేశంలోనే తూర్పు వైపున్న ఈ ఊరికి మారి మూడేళ్లయింది. ఒకప్పుడు ఇది కమ్యూనిస్టు ప్రభుత్వం కింద ఉండేదని నాకు తెలుసు. తెలుసు అని రాయడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మాకు అద్దెకిచ్చిన ఇళ్ల కంపెనీ మా పెరట్లో ఆపిల్ చెట్లు కొట్టేసి కార్ల పార్కింగు కడతానంది. వచ్చే మంగళవారం మునిసిపల్ కౌన్సిల్లో పౌరులు మాట్లాడే సమయముంది. మా తరఫున ఎవరు మాట్లాడతారని అధ్యక్షుడు అడిగాడు. పెద్దావిడ చెయ్యెత్తింది.

"ఆ రోజుల్లో పార్టీ ఎత్తమన్నప్పుడల్లా ఎత్తిన చెయ్యే ఇది. ఎవరూ ఎత్తమనకుండా ఎత్తడం ఇదే మొదలు," అంది. అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది.

శుక్రవారం దాన్నంతా టైపు చేసి అందరి పోస్టు డబ్బాల్లో వేశాను. "18.20: మూడో అంతస్తావిడ చెయ్యెత్తింది, నవ్వింది. 18.25: కంపెనీ మేనేజరును అబద్ధాలకోరు అంది. గొంతు వణికింది." వరంగల్ ఆఫీసులో ఏ మీటింగు రిపోర్టయినా సంబంధిత కార్యాలయానికి ఒక ప్రతి వెళ్లాల్సిందే. అదే చేత్తో ఇళ్ల కంపెనీ ఆఫీసుకూ ఒకటి పోస్టు చేశాను.

శనివారం మధ్యాహ్నం ఆమె ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"హెర్ నాఖ్‌బార్," అంది. పొరుగువాణ్ణి కాబట్టి నన్ను అలాగే పిలుస్తుంది. "మీరు బాగా రాస్తారు. నా గురించి రాసినాయన కూడా బాగా రాసేవాడు. టైము కూడా వేసేవాడు."

నాకు అర్థం కాలేదని చూసి, నిదానంగా చెప్పింది. పాత ప్రభుత్వం పోయాక రహస్య పోలీసుల ఫైళ్లు ఎవరివి వాళ్లకు చూపించారు. తనది తను చదువుకుంది.

"ఆ రాసినాయన పాటల బృందంలో నా పక్కనే నిలబడేవాడు. ఏడున్నరకు నవ్వింది అని రాశాడు. ఎందుకు నవ్వానో నాకే గుర్తులేదు."

"క్షమించండి. సంఘం కోసమని రాశాను."

"మనవాళ్లకు కాక ఇంకెవరికైనా ఇచ్చారా?"

"లేదు," అన్నాను.

క్షణం కూడా పట్టలేదు ఆ మాటకు. ఆమె ముఖం తేటపడింది. "అయితే మంగళవారం వెళ్తాను. మీరు మాత్రం రాయకండి," అని మెట్లెక్కింది.

తలుపు వేశానో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. "లేదంటరేందండీ? ఆ కవరుకు స్టాంపు నేనే గద అంటించిన!"

"మర్యాద కోసం పంపాను."

"ఏం మర్యాద! కాపీ టు కలెక్టర్ గారు! మీరు ఆఫీసు ఇడిచి ఎన్నేండ్లాయె, ఆఫీసు మిమ్మల్ని ఇడుస్తలేదు. పోయి చెప్పుండ్రి."

"ఇప్పుడు చెప్తే మంగళవారం వెళ్లదు. అయ్యాక చెప్తా."

"పోకుంటే ఆమె ఇష్టం. తెల్వక మీటింగుకు పోతే? ఆ మేనేజరు మీ కాగితం పట్టుకొని ఎదురుంగ కూసుంటే?"

 కంపెనీకి ప్రతి పంపడం తెలియక చేసిన తప్పు. లేదనడం తెలిసి చేసింది, ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో పూర్తిగా విన్నాక చేసింది. పైగా పెరడు దక్కితే చాలు, ఆమె సంగతి తర్వాత చూసుకోవచ్చని లెక్క వేసుకున్నాను. పాటల బృందంలో ఆయన కూడా ఏదో ఒక మంచికే రాస్తున్నాననుకుని ఉంటాడు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మూడో అంతస్తుకు వెళ్లి గుమ్మంలోనే చెప్పేశాను. కంపెనీకి కూడా ఒకటి వెళ్లింది, శుక్రవారమే.

"నిన్న అడిగాను," అంది.

"అడిగారు."

"నిన్ననే చెప్పి ఉంటే, మీతో పోట్లాడి అయినా వెళ్లేదాన్ని. మేనేజరంటే నాకేం భయం లేదు. అడిగినా దాచిన మనిషి పక్కన మళ్లీ నిలబడలేను."

లోపలికి వెళ్లి మడిచిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మంగళవారం మీరే చదవండి. నా పేరు చెప్పకండి."

తలుపు మూసుకుంది. మెట్ల మీద నిలబడి విప్పి చూశాను. పెద్ద పెద్ద అక్షరాలు, కొట్టివేతలు. మొదటి వాక్యం: "ఈ చెట్లు నాటినప్పుడు నా కూతురు నా కడుపులో ఉంది."