నోరు మూసుకున్న వేపచెట్టు

సినిమాల్లో గుంపులో నిలబడి బతికే నాకు మొదటిసారి ఒక డైలాగు దొరికింది, అదీ చెట్టు వేషంలో. ఫిల్మ్ నగర్‌లో వేసిన అడవి సెట్లో నేను వేపచెట్టుని. దారి తప్పిన హీరోతో "రాకుమారా, వెనక్కి పో!" అనాలి. బడి మధ్యలో వదిలేసినవాడికి అంతకంటే పెద్ద పాఠం ఎవరిస్తారు? అది తెరమీద పడితే ఇక గుంపులో మనిషిని కాను, ఆర్టిస్టుని.

పొద్దున్నే స్పాంజి బెరడు తొడిగి, వీపు మీది జిప్పు కనబడకుండా గుడ్డ అతికించేశారు. షాటు అయ్యేదాకా బాత్రూం మాట ఎత్తొద్దన్నారు. అందుకే చుక్క నీళ్ళు ముట్టలేదు. హీరోగారికి పక్కనే ఉన్న జూబ్లీ హిల్స్ ఇంటి నుంచి ఇక్కడికి రావడానికి మధ్యాహ్నమైంది. మాటలు సెట్లోనే రికార్డు చేస్తారు, చప్పుడు పడకూడదని ఫ్యాన్లూ ఆపేశారు.

పక్కన చింతచెట్టు వేషంలో ఒక కుర్రాడు, వ్యవసాయ డిగ్రీ చదివి వేషాల కోసం భీమవరం నుంచి వచ్చినవాడు.

"తమ్మీ, నీళ్ళు లేక చెట్లు ఎట్ల బతుకుతయిరా? నేను ఒక్క పూటకే ఎండిపోయిన," అన్నాను.

"అవీ మీలాగే నోరు మూసుకుంటాయండీ. ఆకులకి సన్నటి రంధ్రాలుంటాయి. నేల ఎండితే చెట్టులో ఒక హార్మోను పెరుగుద్ది, అబ్సిసిక్ ఆమ్లం అని. అది రంధ్రాలు మూయించేస్తుంది, నీరు ఆవిరవకుండా."

"ఇంకేం ఫికర్? మూసుకొని కూసుంటే అయిపాయె."

"గాలి కూడా అందులోంచే వెళ్ళాలండీ. గాలందకపోతే ఆకులో వంట ఆగిపోద్ది. తలుపేసుకుని పస్తుండటమే."

నాకు నవ్వొచ్చింది. బెరడు మాత్రం కదల్లేదు.

హీరో వచ్చాడు. యాక్షన్ అన్నారు. నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు.

"ఎవరైనా ఆ చెట్టుకి నీళ్ళు పోయండయ్యా!" డైరెక్టర్ అరిచాడు. సెట్టంతా నవ్వింది. ఎవరో అందించిన నీళ్ళ సీసా మొత్తం గటగటా తాగేశాను. మళ్ళీ నోరు తెరిస్తే కాకి అరిచినట్టొచ్చింది.

"నీళ్ళు పోశాం కదయ్యా, ఇంకేంటి?"

చింతచెట్టు నా పక్షాన అందుకుంది. "తడపగానే ఆకులు కూడా తెరుచుకోవండీ. హార్మోను దిగడానికి టైం పడుద్ది."

"నీ గొంతు బాగుందే! ఆ డైలాగు నువ్వు చెప్పు," అన్నాడు డైరెక్టర్ వాడితో.

వాడు నా వైపు చూసి "సారీ అండీ" అన్నాడు. చెప్పాడు, చక్కగా. అప్పుడు తెరుచుకుంది నా గొంతు.

"వేపా, కదలకు. సాయంత్రం దాకా నువ్వు ఫ్రేములోనే ఉంటావు."

తాగిన సీసా లోపల పని మొదలుపెట్టింది.

"తమ్మీ," అన్నాను మెల్లగా, "లోపలికి పోయిన నీళ్ళు బయటికి రాకుండ ఆపే హార్మోను ఏమన్నా ఉన్నదా?"

చింతచెట్టు తర్వాతి టేకు కోసం డైలాగు ప్రాక్టీసులో ఉంది. వినలేదు.