ఓబయ్య టోపీ ఎగరదు

గాలిని నమ్మి బతికే వాకాడు తీరంలో, తన యాభై తొమ్మిదో ఏట, చిన్నపోలయ్య గాలిని ఒకే ఒక్క కోరిక కోరాడు: ఓబయ్య టోపీని ఎగరగొట్టమని. ఇద్దరిదీ ఒకే తెప్ప. టోపీ మాత్రం సర్వేకి వచ్చిన ఆఫీసరెవరో ఓబయ్యకు ఇచ్చిపోయిన దొరటోపీ. చుట్టూ వెడల్పాటి అంచు. తెరచాప చిరిగే గాలిలోనూ అది కదిలేది కాదు. చేపలకు వచ్చిన ఆడవాళ్లంతా "ఏం దొరా, ఎంత పడినాయి?" అని ఓబయ్యనే పలకరించేవాళ్లు. తలపాగా చూసి మనిషి ఊరు చెప్పే దేశాలున్నాయంటారు గానీ, టోపీ చూసి అన్నం సయించని మనిషి చిన్నపోలయ్య ఒక్కడే.

చివరికి గూడూరు పోయి అలాంటిదే కొన్నాడు. దొరటోపీ కింద సిగేమిటని, పనిలో పనిగా క్రాపు కూడా చేయించుకున్నాడు. మర్నాడు తెప్ప అల దాటిందో లేదో, టోపీ ఎగిరి సముద్రంలో పడింది.

"నీ టోపీకి ఏం మంత్రమేసినావన్నా?" అన్నాడు పళ్లు నూరుతూ.

ఓబయ్య నవ్వి వెనక్కు తిరిగాడు. టోపీకి రెండు పక్కలా కట్టిన వలదారం తల వెనకగా పోయి సిగ కింద బిగిసి ఉంది. "మంత్రం కాదురా, సిగ! ఉండేదాన్ని కత్తిరించుకోని వచ్చినావే!"

చిన్నపోలయ్య పంతం పట్టి జుట్టు పెంచాడు. సిగ ముడిపడి, రెండో టోపీ దారంతో సహా తలకు కుదిరిన రోజునే ఓబయ్య గూడూరు నుంచి దిగాడు, టోపీ లేకుండా, నూనె మెరిసే క్రాపుతో.

"అబ్బో, దొర ఎంత పడుచుగా ఉండాడే!" అంది చేపలకు వచ్చిన మస్తానమ్మ బుట్ట దించి.

గాలి జోరుగానే ఉంది. చిన్నపోలయ్య టోపీ చెక్కుచెదరలేదు. దానివైపు చూసినవాళ్లే లేరు.