ఇంటివాళ్లతో సహా గదులు అద్దెకు

నిన్న పోస్టులో ఒక చిన్న గుడ్డసంచి వచ్చింది. విప్పకముందే ఆఫీసంతా ఎండిన లావెండరు పూల వాసన నిండిపోయింది. క్రొయేషియాలో, సముద్రం మధ్య ఒక దీవిలో ఉండే మారా అనే పెద్దావిడ, రాబోయే అతిథులకు ముందుగానే పంపిన పలకరింపు అది. ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, తిరువూరు బస్టాండు పక్కనున్న నా ట్రావెల్స్ ఆఫీసు మాయమైపోయి, మా నానమ్మ, ఇంట్లో దిగే మామిడి వ్యాపారుల, అంటే సేఠ్‌ల, దిండ్లలో బూరుగుదూదితో పాటు ఎండు మరువం కూరే ఏప్రిల్ మధ్యాహ్నాలు కళ్లముందుకొచ్చాయి.

ఇన్నాళ్లూ నేను జనాన్ని పంపినవి అజ్మీరు, కాశీ, ఊటీ. ఇప్పుడు మొదటిసారి మా చుట్టుపక్కలవాళ్లు పన్నెండు మంది, మామిడితోటల రైతులూ, ఇద్దరు రిటైరైన టీచర్లూ, ఎ.కొండూరు ఎరువుల షాపాయనా ఆయన భార్యా, అంతా కలిసి క్రొయేషియా వెళ్తున్నారు. వీసాలు చేతికొచ్చిన రోజు ఆఫీసులో గంతులేశాను. ఈ వయసులో ఏంటని కూడా చూసుకోలేదు. బస మారా ఇంట్లోనే, కానీ ఎలా అన్నది ఒక్కటే ఇంకా తేలలేదు. మారా కొడుకు ఇల్లంతా ఫ్లాట్లుగా మార్చి అద్దెకివ్వాలనీ, తల్లిని దీవి నుంచి దూరంగా ఆవిడ చెల్లెలి ఊరికి పంపెయ్యాలనీ చూస్తున్నాడు. మావాళ్లు ఇల్లంతా తీసుకుంటామంటే ఆవిడ పెట్టె సర్దుకోవాల్సిందే. 'మీకు ఏది బాగుంటుందో మీరే చెప్పండి' అని ఆవిడ నన్నే అడిగింది.

ఆ దేశం గురించి చదివేకొద్దీ నాకు ఉత్సాహం ఆగదు. వెయ్యికి పైగా దీవులు! ఒకప్పుడు చేపల మీదా, ద్రాక్ష, ఆలివ్ తోటల మీదా బతికిన తీరం అది. తర్వాత సెలవులకొచ్చే జనం కోసం ఇంటింటి గోడకూ 'గదులు కలవు' అని బోర్డు వేలాడదీసి, పిల్లల్ని వంటింట్లో పడుకోబెట్టి వాళ్ల గది అతిథులకు ఇచ్చేవారట. ఇప్పుడు యూరో వచ్చింది, పక్క దేశాల నుంచి కారులో సరిహద్దు దగ్గర ఆగకుండా వచ్చెయ్యొచ్చు, ఓడల నిండా జనం దిగుతున్నారు, హోటళ్లలో పనికి మన దేశం నుంచీ నేపాల్ నుంచీ మనుషులు వెళ్తున్నారు. జూలై, ఆగస్టుల్లో కాలు పెట్టే సందుండదు కాబట్టి, ఆ రద్దీని కాస్త మే నెలకూ అక్టోబరుకూ సర్దాలని వాళ్ల తాపత్రయం. మే నెలలో వస్తామనే మనలాంటివాళ్లంటే వాళ్లకు ఎంత సంబరమో! ఇది ఇంకా పెరుగుతుంది, నాకు అనుమానమే లేదు. కానీ అక్కడ ఒక పాత కోటగోడల ఊళ్లో ఇళ్లన్నీ అతిథులకే పోయి, ఊరివాళ్లు పలచబడిపోయారనీ, ఇళ్ల అద్దెల మీద ప్రభుత్వం పగ్గాలు బిగిస్తోందనీ చదివినప్పుడు గుండె గుబేలుమంది. ఎందుకంటే ఆ ముచ్చట మా ఇంట్లోనూ ఒకసారి జరిగింది.

మాది పరుపులు కుట్టే నూర్‌బాషాల ఇల్లు. చిన్నప్పుడు మాకు వేసవి మొదలయ్యేది ఎండతో కాదు, నాన్న దూది ఏకే విల్లు చప్పుడుతో. రెడ్డిగూడెం తోటల్లో కాయ ముదిరే వేళకు నాగపూర్ నుంచి మామిడి వ్యాపారులు దిగేవాళ్లు. ఊళ్లో సరైన లాడ్జీలు ఉండేవి కావు కాబట్టి మా ముందుగది వాళ్లకిచ్చి, పిల్లలమంతా చాపలతో డాబా ఎక్కేవాళ్లం. సాయంత్రం పూట నీళ్లు చల్లిన డాబా నుంచి లేచే వేడి ఆవిరి, లారీల్లో గడ్డి పరిచి కాయలు సర్దేవాళ్ల అరుపులు, మూలగదిలో మగ్గేసిన రసాల వాసన, రాలినకాయలకు ఉప్పూకారం అద్దుకుని తిని పళ్లు పులిసిపోయి అన్నం నమల్లేక తిట్లు తినడం, ఇవన్నీ కలిస్తేనే వేసవి. రంజాను ఆ ఎండల్లోనే పడ్డ ఏడాది, నానమ్మ నాలుక పిడచకట్టుకుపోతున్నా, ఏటా మా ఇంట్లోనే దిగే నాగపూర్ సేఠ్‌కు వేళకు రొట్టెలు చేసి పెట్టేది. పండగనాడు ఆయన కోసం మాంసం తగలని కొత్త గిన్నెలో సేమ్యా పాయసం విడిగా వండింది. ఆయన గిన్నె తుడిచినట్టు ఖాళీ చేసి, మళ్లీ చాపాడు.

ఆ తర్వాతి వేసవికి కాపు విరగకాసింది. వ్యాపారులు ఎక్కువమంది వస్తారని తెలిసి నాన్నకు పెద్ద ఆలోచన వచ్చింది. ఇల్లంతా సేఠ్‌కూ ఆయన మనుషులకూ ఇచ్చేసి, మేమంతా రెడ్డిగూడెం దారిలో తెలిసినవాళ్ల తోటలో ఉన్న పాకకు మారిపోవాలి. మా ఆనందానికి హద్దు లేదు. తోటలో కాపురం! నానమ్మ మాత్రం సామాన్లు సర్దుతూ గొణుగుతూనే ఉంది.

"మనం లేకుండా ఆ మనిషి ఎవర్ని చూసి వస్తాడ్రా మనింటికి?"

"ఇల్లుంది కదమ్మా, అన్ని గదులూ ఆయనవే. ఇంకేం కావాలి?" అన్నాడు నాన్న.

సేఠ్ వచ్చాడు, తాళంచెవి తీసుకున్నాడు, మొదటి రోజు గడిచింది. రెండోరోజు సాయంత్రం మేం చెట్ల కింద కోతికొమ్మచ్చి ఆడుతుంటే, గట్టు మీద చంకలో చాప, చేతిలో సంచితో ఎవరో వస్తున్నారు. చూస్తే సేఠ్! చెమటతో చొక్కా తడిసిపోయింది. నాన్న కంగారుపడి ఎదురెళ్లాడు.

"ఏంటి సేఠ్‌గారూ, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బంది లేదు భాయ్. మావాళ్లు రాత్రీపగలూ లారీల దగ్గరే. ఇంట్లో ఎవరూ లేరు, అంతే. లేస్తే గోడలు, కూర్చుంటే గోడలు. ఇక్కడ నాకు చోటుందా?"

ఇంటికి ఇల్లు అద్దెకు తీసుకున్న మనిషి మా పాకలో చాప పరుచుకున్నాడు! నానమ్మ పొయ్యి మీద పెనం పెట్టి, రొట్టెల పిండి ఎక్కువ కలిపింది, అంతే. మర్నాడు అందరం కలిసి ఒకే ఎడ్లబండి మీద తిరువూరు తిరిగొచ్చేశాం. దారి పొడుగునా సేఠ్ మాకు హిందీ పాటలు నేర్పుతుంటే, నాన్న కూడా సిగ్గు మరిచి గొంతు కలిపాడు. అంత సంబరంగా నేను మళ్లీ ఎప్పుడూ ఇంటికి రాలేదు.

ఇప్పుడు ఆ సేఠ్ లేడు, నానమ్మ లేదు. బేరాలు ఫోన్లోనే తెగిపోతున్నాయి, వచ్చే ఒకరిద్దరు వ్యాపారులు ఏసీ గదుల్లో దిగి పొద్దున్నే వెళ్లిపోతారు. దూది ఏకేవాళ్లు కనబడరు, ఫోము పరుపులు చుట్ట చుట్టుకుని డబ్బాల్లో వస్తున్నాయి. వేసవిలో పిల్లలెవరూ తమ గది ఎవరికీ ఇవ్వరు. తలచుకుంటే బెంగగానే ఉంటుంది.

ఇవాళ మధ్యాహ్నం మారాకు వీడియో కాల్ చేశాను. ఆవిడదీ నాదీ అంతంతమాత్రం ఇంగ్లీషే. "మీరు ఇంట్లో ఉంటేనే మావాళ్లు వస్తారు" అన్నాను. ఆవిడ ముందు అర్థం కాలేదన్నట్టు చూసింది. మళ్లీ చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, గట్టిగా కేకేసి కొడుకును పిలిచి, ఫోను అతని చేతిలో పెట్టింది. వెనక గదిలో గోడకు సున్నపు గీతలు కనబడుతున్నాయి, కొత్త తలుపులు పెట్టే చోట్లు.

"కొత్త ఫ్లాట్లు వద్దా మీకు?" అన్నాడు.

"వద్దు బాబూ. మీ అమ్మగారు కావాలి."

"ఒక్క గుంపు కోసం నేను పనంతా ఎలా ఆపుతాను? వచ్చే ఏడు ఎవరొస్తారు?"

"వచ్చే ఏడూ నేను పంపుతాను" అనేశాను. ఎవర్ని పంపుతానో నాకే తెలియదు.

అతను తల్లివైపు చూశాడు, గోడవైపు చూశాడు. "సరే, ఈ ఏడాదికి అమ్మ ఇక్కడే ఉంటుంది" అన్నాడు. ఫోను పెట్టేసరికి నాకు నవ్వు ఆగడం లేదు. ఈ ఏడాదికి అన్నాడు కదా, చాలు; ఆఫీసు తలుపు బార్లా తెరిచి, రోడ్డు మీద వెళ్తున్న మొదటి మనిషిని పిలిచి, వచ్చే ఏడు మే నెలలో ఏం చేస్తున్నారండీ అని అడిగాను.