నోరీన్ నవ్వలేదు

మా నోరీన్ మొదటిసారి టీవీకెక్కినప్పుడు తెర మీద కనిపించింది మూడంటే మూడుసార్లు. ఆ మూడుసార్లూ పక్కవాళ్ళ జోకులకు పగలబడి నవ్వుతూనే కనిపించింది. ఆ కథ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది ఇంగ్లండు ఉత్తరాదిన బర్న్లీ. నేనూ నోరీనూ ఇరవై ఆరేళ్ళు ఒకే బడి వంటశాలలో పనిచేశాం. బంగాళదుంపలు నావి, కస్టర్డ్ తనది. పిల్లలు మమ్మల్ని "మిస్" అని పిలిచేవారు. కస్టర్డ్ ఉండ కడుతోందేమోనని గరిటె తిప్పుతూ చూసేటప్పుడు నోరీన్ ముఖం ఒకలా అయ్యేది. ఆ ముఖానికి హెడ్మాస్టరు కూడా జడిసేవాడు. అది వాళ్ళమ్మ ఈడిత్ అత్త నుంచి వచ్చిన ముఖం. ఈడిత్ అత్త కూతురి జోకుకు నవ్వగా చూసినవాళ్ళు మా వీధిలో లేరు. మరీ సంతోషం వేస్తే "బాగానే ఉందిలే" అనేది, అంతే.

ఒకసారి మా కార్మికుల క్లబ్బులో బింగో ఆటలో అంకెలు చదివే ఆయనకు గొంతు పోయి, మైకు నోరీన్ చేతికిచ్చారు. ఒక్కో అంకెకూ ఒక్కో చురక తగిలించింది. నవ్వు గోలలో ఆ రోజు ఎవరు గెలిచారో కూడా ఎవరికీ గుర్తులేదు. నలభై ఒకటో ఏట అలా జోకులు చెప్పడం మొదలుపెట్టి, పది పన్నెండేళ్ళలో ఉత్తరాదిన తను తిరగని క్లబ్బు లేదు. కారు నాది, నోరు తనది.

అప్పుడు మాంచెస్టర్ నుంచి పిలుపొచ్చింది. ఆ వారం వార్తల మీద జోకులేసుకునే టీవీ కార్యక్రమం. మధ్యలో యాంకర్, అటూ ఇటూ ఇద్దరు కెప్టెన్లు, వాళ్ళ పక్కన చెరొక అతిథి. అయిదు కుర్చీల్లో నాలుగు మగవాళ్ళవి. అయిదోదాన్ని అక్కడ లైట్లు సర్దేవాళ్ళే "ఆడమనిషి కుర్చీ" అనేవారు. మూడు గంటలు తీసి అరగంటకు కోస్తారు. నోరీన్ పదకొండు జోకులు వేసింది. హాలంతా నవ్వడం ఈ చెవులతో విన్నాను.

టీవీలో వచ్చే రోజు క్లబ్బంతా నిండిపోయింది. ఈడిత్ అత్త చర్చికి వేసుకునే కోటు వేసుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. పదకొండింట్లో ఒక్కటంటే ఒక్క జోకు రాలేదు. "చక్కగా నవ్వావమ్మా" అన్నారు జనం.

"పక్కవాళ్ళ జోకులకి నవ్వడానికి మాంచెస్టర్ దాకా పోవాలా? ఇక్కడే నవ్వొచ్చుగా" అంది ఈడిత్ అత్త.

నోరీన్ అందరి ముందూ సర్దుకుంది గానీ నా కారెక్కాక ఏడ్చేసింది. "నా జోకులు నిజంగానే బాగాలేవేమోనే బ్రెండా!"

ఆ తర్వాత రెండేళ్ళు, తను ఎప్పుడు ఫోన్ చేసి అడిగినా అదే జవాబు. "ఈ వారానికి ఆడమనిషి దొరికిందండీ." ఈ వారానికి మగమనిషి దొరికాడని ఎవరికైనా ఎప్పుడైనా చెప్పారా అని నేను అడగబోతే నోరీన్ ఫోన్ లాక్కుంది.

చివరికి ఒక వారం రావలసినావిడకు జబ్బు చేసి, రేపే రమ్మన్నారు. "ఎవరికీ చెప్పకే. అమ్మకి అసలే చెప్పకు" అంది నోరీన్. ఊరు దాటాక ఉన్నట్టుండి, "ఈసారి నేను నవ్వను" అంది.

"పిచ్చా నీకు? ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ పిలుస్తారా?"

"ఇప్పుడు మాత్రం పిలుస్తున్నారా? నవ్విన ముక్క ఉంచుకుని మాటలన్నీ కోసేశారు. నవ్వే లేకపోతే ఏం ఉంచుకుంటారో చూద్దాం."

హాల్లో జనం మధ్య కూర్చున్నాను. కెప్టెన్ రూపర్ట్ ఎవరో మంత్రిగారి రైలు ప్రయాణం గురించి ఎత్తుకుని, ఎంతకీ దింపడే! అందరూ నవ్వుతున్నారు. నోరీన్ మాత్రం అచ్చం కస్టర్డ్ ముఖం. కెమెరా తన మీదకు రెండుసార్లు వచ్చి, ఏమీ దొరక్క వెళ్ళిపోయింది. చివరికి యాంకరే అడిగాడు.

"ఏం నోరీన్ గారూ, మా జోకులు రుచించట్లేదా?"

"ఇరవై ఆరేళ్ళు బడిలో వడ్డించాను నాయనా. పళ్ళెం ఖాళీ చేసినవాడికే రెండోసారి పెట్టేదాన్ని. ఈయన మొదటి జోకే ఇంకా పూర్తి చెయ్యలేదు. నవ్వు అప్పుడే ఎలా పెట్టను?"

హాలు నవ్వుతో దద్దరిల్లిపోయింది. అందరికన్నా ఎక్కువగా నవ్వింది రూపర్టే. తర్వాతి జోకు వెయ్యగానే రెండు అరచేతులూ ఖాళీ పళ్ళెంలా చాపి చూపించి, "మిస్, అయిపోయింది మిస్!" అన్నాడు. అంతే, ఇక అందరికీ అదే ఆట. "మిస్, వీడు నా జోకు తినేశాడు మిస్!" అని యాంకర్. "ముందు చేతులు కడుక్కున్నావా?" అని నోరీన్. కడదాకా అదే.

నాకప్పుడు వెలిగింది. తన మాట కోసేస్తే, ఈ మగవాళ్ళంతా మిస్, మిస్ అని ఎందుకంటున్నారో చూసేవాళ్ళకు అర్థం కాదు. కొయ్యాలంటే కార్యక్రమం మొత్తం కొయ్యాలి.

అయినా నోరీన్‌కు నమ్మకం చిక్కలేదు. అది టీవీలో వచ్చే శుక్రవారం సాయంత్రం ఏమీ ఎరగనట్టు వాళ్ళమ్మకు భోజనం తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఈడిత్ అత్త అప్పటికే టీవీ ముందు కూర్చుని ఉంది, ఆ చర్చి కోటులోనే.

"పేపర్లో నీ పేరేశారు. నాకు చదవడం రాదనుకున్నావా? కూర్చో."

నోరీన్ పళ్ళెం మాట వచ్చింది, ఒక్క ముక్క పోకుండా. నేను ఎగిరి గంతేశాను. నోరీన్ టీవీ వైపు చూడనే లేదు, తల్లినే చూస్తోంది. ఈడిత్ అత్త ముఖం కదల్లేదు. బిస్కెట్ కొరికింది, టీ తాగింది.

"అమ్మా, నవ్వొచ్చు" అంది నోరీన్ సన్నగా.

"ఆగవే. పూర్తి కానీ."

కార్యక్రమం అయిపోయింది. పేర్లు పడ్డాయి. ఈడిత్ అత్త ఒళ్ళోని బిస్కెట్ ప్లేటు తీసి, పొడి దులిపి, రెండు చేతులా కూతురి ముందుకు చాపింది.

"అయిపోయింది మిస్. ఇంకొంచెం పెట్టండి."

అని నవ్వింది. కట్టుడు పళ్ళు జారేలా, భుజాలు అదిరేలా నవ్వింది.

నోరీన్ కళ్ళు తుడుచుకోను కూడా లేదు. ఆ ప్లేటు అందుకుని, "ముందు చేతులు కడుక్కున్నావా?" అంది.