పగలని రాతి పళ్ళేలు

ఫుకెట్‌లో మేమున్నది నాలుగు సాయంత్రాలు. నాలుగూ మా బావా నేనూ మంచి థాయ్ హోటల్ కోసం తిరగడానికే సరిపోయాయి. కాకపోతే మంచి హోటలంటే ఆయన లెక్క వేరు, నా లెక్క వేరు.

బావకు గిద్దలూరులో పురుగుమందుల దుకాణం. మందులు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్ళు ఏటా ఎక్కడికో ఒకచోటికి తిప్పుకొస్తారు. కందుకూరు, అద్దంకి ఎటు వాళ్ళటు పోయి మా ప్రకాశం జిల్లా చిన్నదైపోయిన మరుసటి ఏడు, వాళ్ళు ఎంచుకున్నది ఆ దీవి. మా అక్కకు విమానమంటే భయం, ఆమె సీటు నాకొచ్చింది. నేను మాత్రం సముద్రం చూడటానికి పోలేదు.

మార్కాపురంలో మా నాయనది పలకల షెడ్డు. బడిపిల్లలు రాతి పలక పట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు కాలు పెట్టడానికి చోటుండని షెడ్డులో అప్పటికి మిగిలింది ఐదుగురు ఆడవాళ్ళూ, మా నాయన దగ్గూ. ఏదో ఒక ఆర్డరు రాకపోతే ఎండలు ముదిరేలోగా మూసేద్దామని ఆయన నాతో చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఒక వీడియో కనబడింది. ఏదో దీవిలో ఖరీదైన థాయ్ హోటలు, నల్లరాతి పళ్ళెంలో తిండి వడ్డిస్తున్నారు. ఆ పళ్ళెం అచ్చం చెక్క చట్రం లేని మా పలకే. ఆశంత చెడ్డది ఇంకోటి లేదు. ఆ రాత్రి నాకు అన్నం కూడా సయించలేదు.

నాయన ఆరు పళ్ళేలు తానే కూర్చుని చేశాడు. అంచులు చేత్తో అరగదీసి, పాత తువ్వాలులో చుట్టిచ్చాడు. పెద్దారవీడు నుంచి షెడ్డులో పనికొచ్చే అక్క, ఆదివారం చర్చిలో నా ప్రయాణం కోసం ప్రార్థన చేయించానని చెప్పింది. ఆ మాట విన్నాక సంచి ఇంకా బరువెక్కింది.

మొదటి సాయంత్రం వెజ్ అని చెప్పి తెప్పించుకున్న కూర బావ సగం తిన్నాక, వంటవాడి చేతిలో సీసా చూశాడు. దాని మీద చేప బొమ్మ. మనం పప్పులో ఉప్పు వేసినట్టు అక్కడ అన్నింట్లోనూ చేప రసం వేస్తారట. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని మనిషి, బయటికి పోయి పావుగంట సేపు పుక్కిలించాడు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్నచోట శుద్ధ శాకాహారమే దొరుకుతుందని ఆ తర్వాత తెలిసింది. ఇక ఆయన మంచి హోటలంటే పసుపు జెండా ఉన్నదే. అవన్నీ చిన్న చిన్న బండ్లు, ప్లాస్టిక్ పళ్ళేలు. నాకు కావలసిన రాతి పళ్ళేలు ఉండేది సముద్రం ఒడ్డున పెద్ద హోటళ్ళలో. అక్కడ బావ తినేదేమీ ఉండదు.

సాయంత్రాలను పంచుకున్నాం. ముందు జెండా దగ్గర ఆయన కడుపు, తర్వాత ఒడ్డున నా పని. మా ఇంట్లో పలక చేతికొస్తే వేలి కణుపుతో కొట్టి వినందే కింద పెట్టం. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. ఆ అలవాటుకొద్దీ టేబులు మీద ఏ నల్లపళ్ళెం కనబడినా ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని కొట్టేవాణ్ణి. పిలుస్తున్నాననుకుని వడ్డించే పిల్ల పరుగెత్తుకొచ్చేది. ఒకచోట పళ్ళెం మురికిగా ఉందనుకుని తీసుకుపోయి మార్చి తెచ్చింది. కొత్తదాన్నీ కొట్టాను.

"ఏంది బామ్మర్దీ, తినేదానికి వచ్చినామా, పలకలు కొట్టేదానికి వచ్చినామా?" అన్నాడు బావ.

అన్నీ పింగాణీకి నల్లరంగు వేసినవే. రెండుచోట్ల మేనేజర్లను పిలిపించి నాయన పళ్ళేలు చూపించాను. ఒకాయన ముట్టుకోనే లేదు. ఇంకొకాయన చేత్తో బరువు చూసి, బాగుందని నవ్వి, కడిగేవాళ్ళు ఇంత బరువు మొయ్యరని చెప్పి తిరిగిచ్చాడు. రూముకొచ్చి వాటిని తువ్వాల్లో చుడుతుంటే నాకు ఏడుపొచ్చింది. బావ చూసి కూడా చూడనట్టు టీవీ పెట్టాడు.

చివరి సాయంత్రం ఆయన జెండాలు వెతకలేదు. "ఈ పొద్దు నీతోనే వస్తా, పద" అని, గోంగూర పచ్చడి పొట్లం జేబులో వేసుకుని నాతో వచ్చాడు. ఒక సందు చివర ఒక పెద్దావిడ నడిపే హోటలు దొరికింది. బావ వట్టి అన్నం తెప్పించుకుని గోంగూర కలుపుకున్నాడు. మేం తినదగ్గది ఇంకేముందని అడిగితే కొబ్బరిపాలు పోసిన బంకన్నం, మామిడిపండు ముక్కలు తెచ్చిపెట్టింది. నల్లటి పళ్ళెంలో.

నేను మామిడిపండు రుచి కూడా చూడకుండా మింగేశాను. పళ్ళెం తుడిచి కొట్టాను. మోగింది. అంచున సన్నటి తెల్లచార, మా రాయికి ఉండే చారే. ఎక్కడిదని అడిగితే ఆవిడ పడమటి వైపు చెయ్యి చూపించి ఇండియా అంది.

సంచి విప్పాను. ఆవిడ నా ఆరింటినీ నిమిరి, మెచ్చుకుని, నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది. అక్కడ గోడవార అలాంటివే రెండు దొంతులు. హోటలు పెట్టిన ఏడు కొన్నదట. అప్పుడు కడుపులో ఉన్న కూతురు ఇప్పుడు అక్కడే గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంది. ఒక్కటి కూడా పగల్లేదట. ఇంకెందుకు కొంటానన్నట్టు ఆవిడ చేతులు తిప్పింది. ఆవిడ తప్పేముంది?

బయటికొచ్చి నాయనకు ఫోన్ చేశాను. మన రాయి కనబడిందన్నాను.

"కొట్టి చూసినావా?"

"మోగింది నాయనా. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా పగల్లేదంట."

"పగలదు," అన్నాడు. "కూర మరక పట్టిందా?"

పట్టలేదన్నాను. ఆయన గొంతులో అంత సంతోషం నేను విని ఎన్నేళ్ళయిందో. ఆర్డరు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఉగాదికి ముందే షెడ్డు మూసేశాం. ఆ రోజు నాయన ఐదుగురినీ కూర్చోబెట్టి, సముద్రం అవతల మన పళ్ళేలు ఇప్పటికీ పగల్లేదని చెప్పాడు, పెద్ద ఆర్డరు వచ్చినంత గొప్పగా. అందరూ తలలూపారు. పెద్దారవీడు అక్క మోచేతుల దాకా దుమ్ము కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"అంత గట్టిగా చేసినాం గనకనే పెద్దయ్యా, ఈ పొద్దు ఇంటికి పోతుండాం," అంది.

వాళ్ళు వెళ్ళాక నాయన, నేను తిరిగి తెచ్చిన ఆరు పళ్ళేలనూ ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని కొట్టి చూసి, లోపల పెట్టి తాళం వేశాడు. ఆరూ మోగాయి.